గమ్యం మార్చండి, లెక్క కూడా మార్చండి: మానవసహిత అంతరిక్ష యాత్రలకు లక్ష్యాలు పెట్టేవారికి బహిరంగ లేఖ

మానవసహిత అంతరిక్ష యాత్రలకు లక్ష్యాలు ప్రకటించే ప్రభుత్వాధినేతలకు, వాటికి ఏటా డబ్బు మంజూరు చేసే చట్టసభల సభ్యులకు, ఆ ఇద్దరి మధ్య నలిగే అంతరిక్ష సంస్థల అధిపతులకు,

నమస్కారం.

చంద్రుడు ముందా, అంగారకుడు ముందా, లేక గ్రహశకలమా అన్న వాదన ఈ లేఖలో లేదు. ఏ గమ్యానికైనా గట్టి కారణాలే చూపించవచ్చు. మా ఫిర్యాదు వేరే. మీరు గమ్యం మార్చిన ప్రతిసారీ పాత గమ్యం కోసం కొలతలు తీసి చేసిన యంత్రాలు మిగిలిపోతున్నాయి. కొత్త దారికి అవి సరిపోతాయా అని మొదటి అంకె నుంచి లెక్క వేసేవారు లేరు. ఆ తేడాను ఇంజినీర్లు పదేళ్లూ పదిహేనేళ్లూ అతుకులు వేసి పూడుస్తారు, ఆలస్యానికి నింద కూడా వాళ్లే మోస్తారు.

వ్యోమగాములను చంద్రుడి దాకా తీసుకెళ్లే నాసా నౌక ఒరాయన్‌నే తీసుకోండి. 2005 తర్వాత మళ్లీ చంద్రుడి మీదికి వెళ్లడానికి నాసా కాన్‌స్టలేషన్ కార్యక్రమానికి రూపం ఇచ్చినప్పుడు పనుల పంపకం తేటగా ఉంది. చంద్రుడి దగ్గర వేగం తగ్గించి కక్ష్యలోకి దింపే పెద్ద పని ఆల్టెయిర్ అనే ల్యాండర్‌ది, అంటే చంద్రుడి మీద దిగే వాహనానిది. ఒరాయన్ దానికి తగిలించుకుని వెళ్తుంది, తిరుగు ప్రయాణానికి మాత్రమే సొంత ఇంధనం మండిస్తుంది. 2010లో కాన్‌స్టలేషన్‌ను రద్దు చేశారు. ఆల్టెయిర్ పోయింది, ఒరాయన్ మిగిలింది. తర్వాత ఐరోపా అంతరిక్ష సంస్థ దానికి చేసి ఇచ్చిన సర్వీస్ మాడ్యూల్‌లో, అంటే ఇంజిన్, ట్యాంకులు ఉండే వెనుక భాగంలో, పట్టేది దాదాపు 8.6 టన్నుల ఇంధనం. 26 టన్నుల పైచిలుకు నౌకకు అది ఇవ్వగల మొత్తం వేగ మార్పు, అంటే ఇంధనమంతా మండించి నౌక తన వేగాన్ని ఎంత మార్చుకోగలదో ఆ లెక్క, సెకనుకు 1.2 కిలోమీటర్ల చుట్టుపక్కలే. చంద్రుడికి 100 కిలోమీటర్ల ఎత్తున ఉండే కక్ష్యలోకి దిగడానికి సుమారు 0.9, అక్కడి నుంచి బయటపడి భూమి దారి పట్టడానికి మరో 0.9 దాకా కావాలి. లోపలికి వెళ్లగలదు, తిరిగి రాలేదు. అపోలో సర్వీస్ మాడ్యూల్ 18 టన్నులకు పైగా ఇంధనం మోసింది కాబట్టి దానికి ఈ ఇబ్బంది రాలేదు.

అందుకే ఒరాయన్ కోసం ఒక పొడవాటి కక్ష్యను వెతికారు. దూరపు కొసన చంద్రుడికి 70,000 కిలోమీటర్ల అవతలికి వెళ్లే ఆ కక్ష్యలో ఒక చుట్టుకు దాదాపు ఆరున్నర రోజులు పడుతుంది. దానికి మంచి గుణాలు లేకపోలేదు. భూమితో రేడియో సంబంధం తెగదు, కక్ష్యను నిలబెట్టుకోవడానికి ఖర్చయ్యే ఇంధనం తక్కువ. కానీ అసలు కారణం ట్యాంకు పరిమాణం. నౌకకు తగ్గిన భారం ల్యాండర్ నెత్తిన పడింది: ఆ కక్ష్య నుంచి కింది కక్ష్యకు దిగడానికి, మళ్లీ ఎక్కడానికి ఒక్కో వైపు సెకనుకు 0.7 కిలోమీటర్లకు పైగా అదనపు వేగ మార్పు. ఇంకోటి కూడా ఉంది. అపోలో రోజుల్లో మాతృనౌక దాదాపు రెండు గంటలకోసారి వ్యోమగాముల తల మీదుగా వెళ్లేది. ఇప్పుడు ఉపరితలం మీద ఏదైనా చెడితే, నౌక అందుబాటులోకి వచ్చేదాకా రోజులు ఆగాల్సి రావచ్చు. రద్దయిన ల్యాండర్ ఒకటి, ఇంకా కట్టని ల్యాండర్‌కు ఇలా షరతులు పెడుతోంది. ఈ సంగతి 2010లో రద్దు నిర్ణయంతో పాటే ఒక్క పేజీలో రాసి ఉండవచ్చు.

నేల మీద కట్టినవాటి కథ ఇంకా విడ్డూరం. మిసిసిపీలోని స్టెనిస్ కేంద్రంలో ఎ-3 అనే పరీక్షా వేదిక పని 2007లో మొదలైంది. కాన్‌స్టలేషన్ కోసం తలపెట్టిన ఎరీస్-1 రాకెట్ పై అంచెలో వాడే జె-2ఎక్స్ ఇంజిన్‌ను 30 కిలోమీటర్ల ఎత్తున ఉండేంత పలుచని గాలిలో మండించి చూడడం దాని పని. 2010లో ఎరీస్ ఆగింది. వేదిక ఆగలేదు, పూర్తి చేయాలని చట్టమే చెప్పింది. సుమారు 35 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి 2014లో పూర్తి చేశారు, వెంటనే తాళం వేశారు.

ఫ్లోరిడాలోని కెన్నెడీ కేంద్రంలో కదిలే ప్రయోగ వేదికదీ అదే దారి. సన్నటి ఎరీస్-1 కోసం కట్టిన ఉక్కు గోపురాన్ని, అంతకంటే ఎంతో లావైన, బరువైన ఎస్‌ఎల్‌ఎస్ (ఎరీస్ రద్దయ్యాక నాసా చేపట్టిన భారీ రాకెట్) కోసం కోసి, బలపరిచి, పైపులన్నీ మళ్లీ వేయాల్సి వచ్చింది. ఎస్‌ఎల్‌ఎస్ పై అంచెను పెద్దది చేయాలనుకోగానే ఆ గోపురం మళ్లీ పొట్టిదైంది. రెండో వేదికకు 2019లో 38.3 కోట్ల డాలర్లతో ఒప్పందం కుదిరింది. అది చేతికి వచ్చేసరికి ఖర్చు 270 కోట్ల డాలర్లకు చేరవచ్చని, 2029 దాకా రాకపోవచ్చని నాసా ఖర్చులను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ జనరల్ 2024 ఆగస్టులో లెక్కగట్టారు. రాకెట్ కొలతలు ఖరారు కాకముందే వేదిక కడితే ఇంతే. ప్రతి గొట్టం, ప్రతి కేబుల్ రాకెట్ మీద ఒక నిర్దిష్టమైన ఎత్తున అతుక్కోవాలి. ఆ ఎత్తు ఒక మీటరు మారినా గోపురం నుంచి వాటిని అందించే ఉక్కు చేయి మారుతుంది, చేయి బరువు మారితే గోపురం ఊగే తీరు మారుతుంది, దానితో బలాల విశ్లేషణంతా మళ్లీ మొదటికొస్తుంది.

లక్ష్యం మార్చడమే తప్పని మేం అనడం లేదు. సరిగ్గా మార్చిన సందర్భమూ ఉంది. అమెరికా 1984లో 800 కోట్ల డాలర్ల అంచనాతో ప్రకటించిన అంతరిక్ష కేంద్రం, 1993 నాటికి 1,000 కోట్లకు పైగా మింగి కూడా ఒక్క ముక్క కక్ష్యలోకి చేరలేదు. ఆ ఏడాది జూన్‌లో ప్రతినిధుల సభలో 216–215తో, అంటే ఒక్క ఓటుతో, ప్రాణం దక్కించుకుంది. తర్వాత రష్యాను భాగస్వామిగా తీసుకున్నారు. రష్యా రాకెట్లు ఎగిరే బైకనూర్ నుంచి చేరుకోవాలంటే భూమధ్యరేఖకు కక్ష్య వాలు 28.5 డిగ్రీల నుంచి 51.6 డిగ్రీలకు మారాలి. ఫ్లోరిడా నుంచి అంత వాలు కక్ష్యకు ఎగిరితే భూభ్రమణం ఇచ్చే సాయం తగ్గుతుంది, భాగాలను మోసుకెళ్లే అమెరికా స్పేస్ షటిల్ మోయగల బరువు టన్నుల లెక్కన పడిపోతుంది. ఆ నష్టాన్ని ముందే లెక్కకట్టారు. షటిల్ బయటి ట్యాంకు దాదాపు కక్ష్యా వేగం దాకా వెంట వస్తుంది కాబట్టి, దాని మీద తగ్గించిన ప్రతి కిలో దాదాపు ఒక కిలో సరుకుతో సమానం. అందుకని ట్యాంకును అల్యూమినియం-లిథియం మిశ్రమంతో మళ్లీ చేసి 3.4 టన్నుల దాకా బరువు దించారు. ఆ ట్యాంకు 1998 జూన్‌లో మొదటిసారి ఎగిరింది. కేంద్రం మొదటి భాగం జర్యా కక్ష్యలోకి వెళ్లింది అదే ఏడాది నవంబర్ 20న. రాజకీయ నిర్ణయం, దాని భౌతిక మూల్యం, ఆ మూల్యం చెల్లించే విడిభాగం, మూడూ వరుసలో వచ్చాయి.

లెక్క కుదరకుండా లక్ష్యం పెంచితే ఏమవుతుందో చూడాలంటే సోవియట్ ఎన్-1 చాలు. 75 టన్నులు మోయాలని గీసిన రాకెట్‌ను చంద్రయాత్ర కోసం 95 టన్నులకు పెంచారు. మొదటి అంచెలో 24 ఇంజిన్లుండగా మధ్యలో మరో ఆరు చేర్చి 30 చేశారు. చంద్రుడి మీద మనిషిని దించాలన్న అధికారిక ఉత్తర్వు 1964 ఆగస్టులో వచ్చింది, అంటే అమెరికా ప్రకటించిన మూడేళ్లకు. ఆ మూడేళ్ల వెనుకబాటును పూడ్చడానికి పరీక్షలు కోశారు: మొత్తం మొదటి అంచెను నేల మీద బిగించి మండించే వేదికే కట్టలేదు. 30 ఇంజిన్లు కలిసి మండితే పైపుల్లో ఒత్తిడి ఎలా కొట్టుకుంటుందో, ఒకటి ఆగితే మిగతావి ఏం చేస్తాయో గాల్లోనే తెలుసుకోవాల్సి వచ్చింది. 1969 నుంచి 1972 దాకా నాలుగుసార్లు ఎగిరింది, నాలుగుసార్లూ మొదటి అంచె మండుతుండగానే పోయింది.

ఇప్పుడు డబ్బు. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవమని చట్టసభల వారికి ప్రత్యేకంగా మనవి.

కొత్త నౌక అభివృద్ధి ఖర్చు గంట ఆకారంలో ఉంటుంది. మొదటి రెండేళ్లు డిజైనర్ల జీతాలు, కంప్యూటర్లు. తర్వాత పరీక్షా నమూనాలు, అచ్చులు, వేదికలు, విడిభాగాల ఆర్డర్లు అన్నీ ఒకేసారి మీద పడి మూడు నాలుగేళ్లకు శిఖరం చేరుతుంది. ఆ తర్వాత దిగుతుంది. మీరిచ్చేది సమతలంగా ఉంటుంది: ఈ ఏడాది ఎంతో వచ్చే ఏడాదీ అంతే. శిఖరం దగ్గర చాలని సొమ్ము కోసం పనులను వెనక్కి నెట్టాలి. నెట్టినంత మాత్రాన జీతాలు ఆగవు కదా.

ఒక ఉదాహరణ అంకెలతో చూద్దాం. ఏడాదికి 100 రూపాయలు కావలసిన ఐదేళ్ల పథకం అనుకోండి. అందులో 60 రూపాయలు పని జరిగినా జరగకపోయినా పెట్టాల్సిన ఖర్చు: నిపుణుల జీతాలు, ఫ్యాక్టరీ నిర్వహణ, పరీక్షా కేంద్రాల కరెంటు. నిజంగా పనిని ముందుకు నడిపేది మిగతా 40. ఐదేళ్లలో 200 రూపాయల పని జరగాలి. పొదుపు పేరుతో మీరు 20 శాతం కోసి 80 ఇచ్చారు. 60 కదలదు కాబట్టి పనికి మిగిలేది 20. అదే 200 రూపాయల పనికి ఇప్పుడు పదేళ్లు. మొత్తం ఖర్చు 500 కాదు, 800. ఇరవై శాతం మిగిలిందని సభలో చెప్పుకున్న చోట అరవై శాతం పెరిగింది. పదేళ్లలో అనుభవజ్ఞులు పదవీ విరమణ చేయడం, విడిభాగం చేసే చిన్న సంస్థ మూతపడి దాని బదులు కొత్త దానికి మళ్లీ అర్హత పరీక్షలు పెట్టాల్సి రావడం ఈ లెక్కలో చేర్చనేలేదు.

వ్యోమగాములను ప్రైవేటు నౌకల్లో పంపే పథకానికి నాసా 2012 ఆర్థిక సంవత్సరానికి 85 కోట్ల డాలర్లు అడిగితే 40.6 కోట్లు దక్కాయి. 2011 జులైలో షటిల్ ఆఖరిసారి దిగాక, అమెరికా నేల మీద నుంచి మళ్లీ మనుషులు కక్ష్యకు ఎగిరింది 2020 మే 30న. ఆ మధ్యకాలమంతా రష్యా నౌక సోయుజ్‌లో సీట్లు కొన్నారు. అలా ‘మిగిలిన’ డబ్బు ఎక్కడికి పోయిందో వేరే చెప్పనక్కర్లేదు.

బడ్జెట్ సకాలంలో ఆమోదించకపోవడం మరో జబ్బు. అమెరికాలో ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. ఆ లోగా బిల్లు రాకపోతే పాత ఏడాది స్థాయిలోనే ఖర్చు పెట్టాలి, సాధారణంగా కొత్త పని మొదలుపెట్టకూడదు. ఖర్చు శిఖరానికి ఎక్కుతున్న పథకానికి పాత ఏడాది స్థాయి అంటే మెట్ల మీద నిలబెట్టి తలుపు వేయడమే.

2009లో నార్మన్ అగస్టీన్ నాయకత్వంలోని సమీక్షా సంఘం సూటిగానే చెప్పింది: ఉన్న నిధులకూ పెట్టుకున్న లక్ష్యాలకూ పొంతన లేదు, భూకక్ష్య దాటి వెళ్లాలంటే ఏటా మరో 300 కోట్ల డాలర్ల దాకా కావాలి. మరుసటి ఏడాది జరిగింది చూడండి. లక్ష్యం మారి గ్రహశకలమైంది, డబ్బు అంతగా పెరగలేదు, రాకెట్ మాత్రం చట్టంలోకెక్కింది. 2010 అక్టోబర్‌లో వచ్చిన చట్టం ఎస్‌ఎల్‌ఎస్ మొదట 70 నుంచి 100 టన్నులు, చివరికి 130 టన్నులు మోయాలని, షటిల్, ఎరీస్ ఒప్పందాలనూ విడిభాగాలనూ వీలైనంత వాడాలని, 2016 ఆఖరుకి సిద్ధం కావాలని రాసింది. అది ఎక్కడికి వెళ్లాలో, ఏం మోయాలో అప్పటికి తేలలేదు. టన్నుల అంకె ముందొచ్చి, దానికి పని తర్వాత వెతుక్కున్నారు. 2013లో ఒక గ్రహశకలాన్ని, తర్వాత దాని మీది ఒక బండరాయిని చంద్రుడి దగ్గరికి లాక్కొచ్చే పథకం పుట్టిందీ అలాగే. 2017లో అదీ పోయింది. ఎస్‌ఎల్‌ఎస్ మొదటి ప్రయోగం 2022 నవంబర్ 16న జరిగింది. ఎస్‌ఎల్‌ఎస్, ఒరాయన్‌లతో చంద్రుడి దగ్గరికి వెళ్లే ఆర్టెమిస్ కార్యక్రమంలో మొదటి నాలుగు యాత్రలకు ఒక్కోదానికి 410 కోట్ల డాలర్లు అవుతుందని ఇన్‌స్పెక్టర్ జనరల్ అంతకు ముందు ఏడాదే తేల్చారు.

అంత ఖరీదైనది అరుదుగానే ఎగురుతుంది. అరుదుగా ఎగిరేది తన తప్పుల నుంచి నెమ్మదిగా నేర్చుకుంటుంది. ఒరాయన్ ఉష్ణ కవచం 2014 డిసెంబర్‌లో తేనెపట్టు చట్రంలో నింపిన ఆవ్‌కోట్ అనే వేడిని తట్టుకునే పదార్థంతో ఎగిరింది. తర్వాత తయారీ తేలిక కోసం దిమ్మలుగా చేసి అతికించారు. ఆ రూపంలో నిజమైన పరీక్ష ఎనిమిదేళ్లకు, 2022 డిసెంబర్‌లో. తిరిగొచ్చిన కవచం మీద మసిబారిన పొర అక్కడక్కడా పెళ్లలుగా ఊడిపోయి ఉంది. నౌక వాతావరణంలో ఒకసారి మునిగి, పైకి లేచి, మళ్లీ దిగే పద్ధతిలో వచ్చింది. ఆ మధ్య విరామంలో లోపల పుట్టిన వాయువులు బయటికి పోవడానికి కావలసినంత రంధ్రాలు పదార్థంలో లేవు. ఒత్తిడి పెరిగి పగుళ్లు వచ్చాయి. నాసా ఈ కారణాన్ని బయటపెట్టింది 2024 డిసెంబర్‌లో. ఏడాదికి రెండుసార్లు ఎగిరే నౌకలో ఇలాంటిది మనుషులు ఎక్కకముందే బయటపడి, సరిదిద్ది, మళ్లీ ఎగిరి చూసేవాళ్లు.

ఇక తేదీలు. 2019 మార్చిలో అమెరికా ఉపాధ్యక్షుడు ఐదేళ్లలో, అంటే 2024కి, చంద్రుడి మీద మనుషులు దిగాలన్నారు. ఆ రోజుకి ల్యాండర్ ఒప్పందం లేదు. అది 2021 ఏప్రిల్‌లో కుదిరింది. చంద్రుడి మీద నడిచే సూట్ల కంపెనీలను ఎంచుకున్నది 2022లో. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇలాంటి తేదీ వల్ల పని వేగం పెరగదు. జరిగేది ఒక్కటే: అందరూ ఆ తేదీకి సరిపోయే షెడ్యూల్ కాగితం తయారు చేస్తారు, అందులో పరీక్షలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి, మొదటి పరీక్ష ఫలితం రాకముందే రెండో దాని హార్డ్‌వేర్ కోసేస్తారు. మొదటిది తప్పితే రెండూ పారేయాలి.

గగన్‌యాన్ విషయంలోనూ ఇదే మాట. 2018 ఆగస్టు 15న తేదీ పెట్టినప్పుడు, స్వాతంత్ర్యానికి 75 ఏళ్లు నిండే 2022ను దృష్టిలో పెట్టుకున్నారు. ఆ డిసెంబర్‌లో కేంద్ర మంత్రివర్గం 9,023 కోట్ల రూపాయలు ఆమోదించింది. ప్రమాదంలో వ్యోమగాములను తప్పించే వ్యవస్థను గాల్లో పరీక్షించిన టీవీ-డీ1 ప్రయోగం 2023 అక్టోబర్ 21న జరిగింది. తేదీ వెనక్కి జరిగినందుకు మేం ఇస్రోను తప్పుపట్టం. పరీక్ష ముగిశాకే మనిషిని ఎక్కించాలన్న పట్టుదల సరైనదే. మా ఆందోళన 2024 సెప్టెంబర్ నిర్ణయం గురించి. అప్పుడు పథకం పరిధిని భారతీయ అంతరిక్ష కేంద్రం మొదటి మాడ్యూల్ దాకా పెంచి, మొత్తం 20,193 కోట్లు చేసి, 2028 డిసెంబర్‌లోగా ఎనిమిది ప్రయోగాలు అన్నారు. డబ్బు కూడా పెంచారు, అందుకు సంతోషం. కానీ రెండు వేర్వేరు యంత్రాలను ఒకే పద్దు కింద పెట్టారు.

ఎందుకు వేర్వేరో ప్రాణవాయు వ్యవస్థతో చెప్పొచ్చు. ఒక మనిషి రోజుకు దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ముగ్గురు మూడు రోజులుంటే 9 కిలోలు. దాన్ని పీల్చడానికి లిథియం హైడ్రాక్సైడ్ డబ్బాలు పది పన్నెండు కిలోలు, అత్యవసరానికి ఇంకొన్ని ఉంటే చాలు, వాడి పారేయవచ్చు. అదే ముగ్గురు ఆరు నెలలుంటే 540 కిలోలు. డబ్బాలు పంపుతూ కూర్చోలేం. వేడిచేసి శూన్యంలోకి వదిలి మళ్లీ వాడుకునే శోషకాలు, వాటి కవాటాలు, మూత్రం నుంచి నీరు తీసే యంత్రాలు కావాలి. నౌకకు డాకింగ్ యంత్రాంగం, అంటే కేంద్రానికి అతుక్కునే ఏర్పాటు, తగిలించాలంటే అది రావాల్సింది ముక్కు భాగంలో, సరిగ్గా పారాచూట్లు కూర్చునే చోట. మొదటి మనిషిని పంపే నౌక డిజైన్‌ను ఈ కొత్త అవసరాల కోసం మధ్యలో కదిలించవద్దు. దాన్ని అక్కడే ఖరారు చేసి, కేంద్రానికి వెళ్లే నౌకను తర్వాతి రకంగా, వేరే పద్దుతో, వేరే సమీక్షలతో నడపండి.

చైనా 1992 సెప్టెంబర్ 21న మూడు మెట్ల పథకాన్ని ఆమోదించింది: మనిషి ప్రయాణం, చిన్న ప్రయోగశాల, పెద్ద కేంద్రం. తొలి వ్యోమగామి 2003లో, ప్రయోగశాల 2011లో, మూడు మాడ్యూళ్ల కేంద్రం 2022లో. 2017లో లాంగ్ మార్చ్-5 విఫలమై కేంద్రం ఏళ్ల తరబడి వెనక్కి జరిగింది. మెట్ల వరుస మాత్రం మారలేదు. దీన్ని పాలనా పద్ధతుల గొప్పగా చెప్పడం మాకు ఇష్టం లేదు. ప్రతి మెట్టులో చేసిన భాగం తర్వాతి మెట్టులో పనికొచ్చేలా ముందే కొలతలు కుదుర్చుకోవడం ఏ ప్రభుత్వమైనా చేయగల పనే.

దీనికి పూర్తిగా ఎదురు దృశ్యం 2025లో కనిపించింది. మే నెలలో అమెరికా ప్రభుత్వ బడ్జెట్ ప్రతిపాదన ఎస్‌ఎల్‌ఎస్, ఒరాయన్‌లను ఆర్టెమిస్-3 తర్వాత ఆపాలని, చంద్రుడి చుట్టూ తిరిగే గేట్‌వే కేంద్రాన్ని రద్దు చేయాలని చెప్పింది. జులైలో వచ్చిన చట్టం గేట్‌వేకు 260 కోట్ల డాలర్లు, ఆర్టెమిస్-4, 5 రాకెట్లకు 410 కోట్లు కేటాయించింది. రెండింటి మధ్య రెండు నెలలు. ఆ రెండు నెలల్లో విడిభాగం ఆర్డరు పెట్టాలా వద్దా అని ఎదురుచూసిన సరఫరాదారు ఏం చేస్తాడు? తన మంచి వెల్డర్లను వేరే పనికి పంపేస్తాడు.

మేం అడిగేవి ఇవీ. గమ్యం ప్రకటించిన 180 రోజుల్లోగా ఒక పట్టిక ప్రజల ముందు పెట్టండి: ప్రతి వాహనం బరువు, దానికి కావలసిన వేగ మార్పు, ఉన్న వేగ మార్పు, ఏడాదికి ఎన్ని ప్రయోగాలు, ఏ ఏడాది ఎంత డబ్బు. కాగితం దశలో ఉన్న ఏ నౌకకైనా బరువులో 30 శాతం మిగులు చూపించాలి. అది లేని డిజైన్ తర్వాత బరువు తగ్గించుకోవడానికి ముందుగా కోసేది రెండో పంపునూ మూడో కవాటాన్నీ, అంటే మనిషిని బతికించే అదనపు ఏర్పాట్లనే. నిధుల్లో నాలుగో వంతు నిల్వ ఉంచి, అది పథకాన్ని నడిపే మేనేజర్ చేతికే ఇవ్వండి. ఆఖరి ఏడాది అందే నిల్వ సమస్యను ఆపదు, బిల్లులు మాత్రమే కడుతుంది.

రద్దు చేస్తే శుభ్రంగా చేయండి. ఏడాదిలోగా మిగిలిన ప్రతి యంత్రం, ప్రతి కట్టడం పక్కన మూడింటిలో ఒక మాట రాయాలి: ఉంచుతాం, మారుస్తాం, తుక్కు. ‘ఉంచుతాం’ అని రాసినదానికి దాని కొలతలు ఏ లక్ష్యం కోసం పుట్టాయో, కొత్త లక్ష్యానికి ఎంత తేడా వస్తుందో కూడా రాయాలి. ఒరాయన్ ట్యాంకు పక్కన ఆ ఒక్క వరుస 2010లోనే ఉంటే, ట్యాంకు పెంచాలా, వేరే నౌక చూడాలా, లేక దూరపు కక్ష్యతోనే సరిపెట్టుకోవాలా అన్నది అప్పుడే మీ ముందుకు నిర్ణయంగా వచ్చేది.

దిగే తేదీ చెప్పడానికి ముందు దింపే వాహనానికి, తొడిగే సూటుకు ఒప్పందాలు కుదిరి ఉండాలి. తదుపరి ప్రసంగం వేదిక మీద చదివేలోపు, అది రాసిచ్చినవారిని రెండు అంకెలు అడగండి: ఈ గమ్యానికి సెకనుకు ఎన్ని కిలోమీటర్ల వేగ మార్పు కావాలి, మన దగ్గరున్న నౌక ఎంత ఇస్తుంది. రెండో అంకె చిన్నదైతే, ఆ తేడా ఎవరు, ఏ ఏడాది, ఎంత ఖర్చుతో పూడుస్తారో ప్రసంగంలోనే చేర్చమనండి.

ఇట్లు,
మానవసహిత యాత్రల రూపకల్పన, పరీక్షలు, పద్దులు దగ్గరగా గమనించే కొందరు ఇంజినీర్లు